వడగాలి రోజు ఒక పద్ధతి, ఉక్కపోత రోజు ఇంకో పద్ధతి: ఎండలో ఆడి వచ్చాక ఒళ్లు చల్లబడాలంటే

మే నెలలో క్రికెట్ టోర్నమెంట్ పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, మా వైపు ప్రతి ఏడూ అప్పుడే పెడతారు, ఎందుకంటే పిల్లలకి సెలవులు అప్పుడే, ఉద్యోగాలవాళ్లు ఊళ్లకి దిగేదీ అప్పుడే, పొలంలో పని లేనిదీ అప్పుడే. పొద్దున ఏడున్నరకి ఒక మ్యాచ్, గెలిస్తే మధ్యాహ్నం మూడింటికి ఇంకోటి. ఆ మధ్యలో వేపచెట్టు కింద మావాళ్ల తంటాలు చూడాలి. ఒకడు కార్లో ఏసీ ఫుల్లుగా పెట్టుకుని అద్దాలు ఎత్తుకుని కూర్చుంటాడు, ఒకడు ఐస్ ముక్క కర్చీఫ్‌లో చుట్టి మెడకి రుద్దుకుంటాడు, ఇంకొకడు ఫ్రిజ్ బాటిల్ ఎత్తిపట్టి గటగటా తాగేసి పది నిమిషాల్లో కడుపు పట్టుకుంటాడు, మా పెద్దమ్మ మాత్రం గట్టు మీంచి "చెమట ఆరనివ్వండ్రా, వేడి మీద నీళ్లు పోసుకుంటే పక్షవాతం వస్తుంది" అని అరుస్తూ ఉంటుంది.

ఇవన్నీ నేనూ చేసినవాణ్ణే. నాది బందరు పక్క, ఉద్యోగం హైదరాబాద్‌లో, కాబట్టి రెండు రకాల ఎండలూ తిన్నాను. ఏప్రిల్‌లో హైదరాబాద్ గ్రౌండ్‌లో తడి టవల్ కప్పుకుని ఫ్యాన్ ముందు కూర్చుంటే పావుగంటలో మనిషినయ్యేవాణ్ణి. అదే పని మేలో మా ఊళ్లో చేస్తే అరగంటైనా ఒళ్లు పెనంలాగే ఉంది. తప్పు టవల్‌ది కాదు, ఫ్యాన్‌దీ కాదు, గాలిది. అందుకే ఐస్ బాత్ మంచిదా, ఏసీ మంచిదా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు రెండు ప్రశ్నలు వేస్తాను. ఈరోజు మీ ఊళ్లో వడగాలా, ఉక్కపోతా? మళ్లీ ఎంతసేపట్లో ఆడాలి?

వడా, ఉక్కా

మనకి ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉండటం అదృష్టం. వడగాలి అంటే పెదాలు పగిలేంత పొడి వేడి. రామగుండం, నల్గొండ, రెంటచింతల వైపు మధ్యాహ్నం కొట్టేది అదే. ఉక్కపోత అంటే టెంపరేచర్ 36 చూపిస్తున్నా చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. బందరు, కాకినాడ, విశాఖ తీరమంతా అదే.

ఒంటికి ఉన్న అసలు ఏసీ చెమటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలోకాలరీల వేడి తీసుకుపోతుంది. పోలిక కోసం చెప్తున్నా, ఒక కిలో ఐస్ కరిగి, ఆ నీళ్లు మన ఒంటి వేడికి వచ్చేదాకా లాగేది 117 మాత్రమే. అంటే చెమట ఐస్ కంటే ఐదు రెట్లు గట్టిది, పైగా ఉచితం. కాకపోతే అది ఆవిరవ్వాలి. గడ్డం మీంచి కారి నేల మీద పడిన చెమట చేసే మేలు దాదాపు సున్నా, ఒంట్లో నీళ్లు పోవడం తప్ప. గాలిలో తేమ ఎక్కువుంటే ఆవిరవ్వదు, కారుతుంది, అంతే.

ఇది నమ్మకం కుదరకపోతే గడ్డి కూలర్‌ని చూడండి. హైదరాబాద్‌లో రాత్రిళ్లు దుప్పటి అడుగుతుంది. అదే కూలర్ మా అత్తయ్యగారింట్లో పెడితే గదంతా చిత్తడి చేసి, గోడలకి బూజు పట్టించి, మనుషుల్ని ఇంకా ఉక్కపెట్టింది. మా బావ దాని మీద ఒక చెయ్యేసి "ఇది మీ హైదరాబాద్‌ది రా, ఇక్కడ పనిచెయ్యదు" అని ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఒంటి విషయంలోనూ లెక్క అదే. వడగాలి రోజు తడిపి గాలి ఆడించే పద్ధతులు గెలుస్తాయి, ఉక్కపోత రోజు నేరుగా నీళ్లలో ముంచే పద్ధతులు, లోపలికి ఐస్ పంపే పద్ధతులు గెలుస్తాయి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగే లెక్కలే.

ముందు ఒక్క మాట, ఇది పోలిక కాదు

ఆటలో అలసిపోయి వేడెక్కినవాడు వేరు, వడదెబ్బ తగిలినవాడు వేరు. పరిగెడుతూ పరిగెడుతూ ఒకడు తూలినా, పిచ్చిగా మాట్లాడినా, ఎవరితో ఆడుతున్నామో మర్చిపోయినా, కోపంగా ఎగబడినా, పడిపోయి మాట్లాడకపోయినా, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బే అనుకుని పని మొదలుపెట్టాలి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆటగాళ్లకి వడదెబ్బ తగిలినప్పుడు ఒళ్లు చెమటతో తడిగా ఉండటం మామూలే.

అప్పుడు వడగాలా ఉక్కా అని ఆలోచించే పని లేదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, మిగతావాళ్లు మనిషిని మెడదాకా చన్నీళ్లలో దించాలి, తల పైకి పట్టుకుని ఒకరు ఉండాలి, నీళ్లు కలుపుతూ ఉండాలి. తొట్టి లేకపోతే టార్పాలిన్ నలుగురు నాలుగు అంచులు పట్టుకుని మధ్యలో మనిషిని పడుకోబెట్టి ఐస్ నీళ్లు పోసి ఊపాలి. అదీ లేకపోతే ఆగకుండా నీళ్లు కుమ్మరించాలి. ఆంబులెన్స్ వచ్చినా, చల్లబరిచే వీలు గ్రౌండ్‌లోనే ఉంటే ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం అన్నదే స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల నియమం. ఒంటి లోపలి వేడి అరగంటలోపు 40 డిగ్రీల కిందకి రావాలి.

దీనికి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అమెరికాలో మసాచుసెట్స్‌లో ఫాల్మౌత్ అని ఒక చిన్న ఊళ్లో ఆగస్టులో 7 మైళ్ల రేసు జరుగుతుంది. అక్కడ ఏళ్ల తరబడి వడదెబ్బ తగిలిన 274 మంది లెక్క తీస్తే, ఐస్ నీళ్ల తొట్టిలో దించడం వల్ల అందరూ బతికారు. అందరూ. మన దగ్గర అలాంటి కుర్రాడికి ముందు ముఖం మీద నీళ్లు చల్లి, తర్వాత గ్లూకోజ్ తాగించబోయి, ఆ తర్వాత ఆటో వెతుకుతారు. తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర కూడా వద్దు. జ్వరంలో మెదడే థర్మోస్టాట్‌ని పైకి తిప్పుతుంది కాబట్టి పారాసిటమాల్ పనిచేస్తుంది; ఇక్కడ థర్మోస్టాట్ బాగానే ఉంది, వేడే బయటికి పోవట్లేదు.

ఇక తెలివిలో ఉండి, బాగా వేడెక్కి, అలసిపోయిన మామూలు ఆటగాడి సంగతికొద్దాం. ఆట ఆపగానే దబ్బున కూలబడకుండా రెండు మూడు నిమిషాలు నీడలో మెల్లగా నడవండి. కాళ్లలోకి దిగిన రక్తం పైకి రాకపోతే కళ్లు తిరిగి పడతారు, దాన్ని అందరూ వడదెబ్బ అనుకుని కంగారు పడతారు.

నీళ్ల డ్రమ్ము

నా ఓటు ఎప్పుడూ దీనికే. ముఖ్యంగా కోస్తావాళ్లకి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆస్ట్రేలియాలో 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, బాగా వేడెక్కించిన మనుషుల్ని మూడు రకాలుగా చల్లబరిచారు. ఏసీ గదిలాంటి చల్లగాలిలో కూర్చోబెడితే ఒంటి లోపలి వేడి 37.5కి దిగడానికి దాదాపు 23 నిమిషాలు పట్టింది. 14 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాల పైచిలుకు. 26 డిగ్రీల నీళ్లలో మూడు నిమిషాల లోపు. మళ్లీ చదవండి, 26 డిగ్రీలు. అంటే ఐస్ వేయని మామూలు నీళ్లు కూడా 14 డిగ్రీల చన్నీళ్లకి ఒక్క నిమిషం లోపు తేడాతో వెనకే ఉన్నాయి, ఏసీ మాత్రం ఎక్కడో ఉండిపోయింది. నీళ్లు గాలి కంటే పాతిక రెట్ల దాకా బాగా వేడిని లాగుతాయి, రహస్యం అంతా అందులోనే ఉంది. పైగా మరీ చల్లటి నీళ్లలో చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడిని లోపలే కొంత బంధిస్తాయి, వణుకు మొదలైతే ఒళ్లే మళ్లీ వేడి పుట్టిస్తుంది.

కాబట్టి ఐస్ లేదని బెంగ పెట్టుకోకండి. నీళ్లు ఎక్కడివి అన్నదే అసలు చూసుకోవాల్సింది. మధ్యాహ్నం రెండింటికి మేడ మీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతాయి, వాటితో స్నానం చేసి "నీళ్లు పోసుకున్నా తగ్గలేదు" అనేవాళ్లని చాలామందిని చూశాను. మోటార్ వేసి బోరులోంచి నేరుగా డ్రమ్ములోకి పట్టండి, మొదటి రెండు బకెట్లు పైపులో ఎండకి కాగినవి వదిలేసి. నా దగ్గర అక్వేరియం షాపులో కొన్న థర్మామీటర్ ఒకటుంది, మా ఊరి బోరు నీళ్లు మేలో కూడా 28 దాటి చూపించలేదు.

200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో మనిషి దిగితే నీళ్లు పొర్లిపోతాయి కాబట్టి 120 లీటర్ల దాకా నింపితే చాలు. దాన్ని 28 నుంచి 20కి దించాలంటే లెక్క ప్రకారం సుమారు 10 కిలోల ఐస్, 15కి దించాలంటే 16, 17 కిలోలు. ఒక్కో మనిషి దిగి లేచేసరికి నీళ్లు ఒక డిగ్రీ దాకా వేడెక్కుతాయి, నలుగురైదుగురు దిగాక మళ్లీ నాలుగు కిలోలు వేసుకోవాలి. ఐస్ ఫ్యాక్టరీ దిమ్మ అయితే చవగ్గా దొరుకుతుంది, కానీ అది చేపల కోసం చేసింది, డ్రమ్ములోకే గానీ గ్లాసులోకి కాదు.

మొదటిసారి మేం చేసిన వెధవ పని చెప్తాను. ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదని పెద్ద దిమ్మ పగలగొట్టి మొత్తం వేశాం. మొదట దిగిన మా బౌలర్ "హుప్" అని ఊపిరి బిగబట్టి పది సెకన్లలో బయటికి దూకి, పెదాలు నీలంగా పెట్టుకుని మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. దాన్నే కోల్డ్ షాక్ అంటారు. ఊపిరి ఎగదన్నుతుంది, గుండె వేగం, బీపీ ఒక్కసారిగా లేస్తాయి. కుర్రాళ్లకి సరదాగా ఉండొచ్చు గానీ గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకి, యాభై దాటి ఇంకా కీపింగ్ చేసే మా బాబాయిలాంటివాళ్లకి అది సరదా కాదు. వాళ్లకి 26, 28 డిగ్రీల బోరు నీళ్లే, నడుము దాకా మొదలుపెట్టి మెల్లగా. పెద్దమ్మ చెప్పే పక్షవాతం భయంలో ఉన్న నిజం ఇంతమాత్రమే. మామూలు చన్నీళ్లతో ఆరోగ్యంగా ఉన్న మనిషికి పక్షవాతం రాదు, చెమట ఆరేదాకా కాచుకుని కూర్చోవాల్సిన పనీ లేదు.

తడి టవల్, ఫ్యాన్

వడగాలి రోజులకి ఇదే రారాజు, ఖర్చు కూడా లేదు. చొక్కా తీసేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, పెడస్టల్ ఫ్యాన్ ముందు కూర్చోవాలి. షామియానా సప్లయర్ల దగ్గర అద్దెకి ఇచ్చే పెద్ద ఫ్యాన్ అయితే నలుగురికి సరిపోతుంది. ఆరుతూ ఉంటే మళ్లీ చల్లుకుంటూ ఉండాలి, అంతే. మందపాటి టర్కీ టవల్ కప్పుకుని కదలకుండా కూర్చుంటే రెండు నిమిషాల్లో అది ఒంటి వేడికి వచ్చి దుప్పటిలా పనిచేస్తుంది, కాబట్టి పల్చటి పంచె గుడ్డో, గళ్ల తువ్వాలో వాడండి, తీసి విదిలించి మళ్లీ ముంచండి. ఐస్ బకెట్‌లో రెండు తువ్వాళ్లు వేసి, ఒకటి ఒంటి మీద, ఒకటి బకెట్‌లో, నిమిషానికోసారి మారుస్తూ ఉంటే ఉక్కపోతలో కూడా కొంత ఫలితం ఉంటుంది, డ్రమ్ము అంత కాకపోయినా.

ఒక జాగ్రత్త ఉంది. 40 దాటిన రోజు పొడి ఒంటి మీద ఫ్యాన్ తిప్పితే అది వేడిగాలి కొట్టే హెయిర్ డ్రయ్యర్ అవుతుంది. తడి లేకుండా ఫ్యాన్ పెట్టకండి.

లోపలికి ఐస్

ఐస్ తురుము పానీయం, అంటే స్లష్, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి ఆస్ట్రేలియా వాళ్లు పకడ్బందీగా వాడారు. దాని బలం ఎక్కడుందంటే, ఐస్ కరగడానికే బోలెడు వేడి తీసుకుంటుంది. సగం ఐస్, సగం నీళ్లు ఉన్న స్లష్ అదే బరువు ఫ్రిజ్ నీళ్ల కంటే రెండు రెట్ల పైగా వేడి లాగుతుంది. మనవాళ్లకి ఇది కొత్తా ఏమిటి, పుల్లలేని ఐస్ గోళా అనుకోండి. మిక్సీలో ఐస్, నిమ్మరసం, ఉప్పు, పంచదార వేసి తిప్పి, వెడల్పు మూతి ఫ్లాస్కులో పోసుకొస్తే మూడు నాలుగు గంటలు నిలుస్తుంది. తాగే నీళ్లతో చేసిన ఐసే.

కానీ దీనికో మెలిక ఉంది, చాలామంది చెప్పరు. కడుపులోకి ఐస్ వెళ్లగానే ఒళ్లు చెమట పట్టడం తగ్గించేస్తుంది. వడగాలి రోజు, చెమట బ్రహ్మాండంగా ఆవిరవుతున్నప్పుడు, లోపల మిగిల్చుకున్నది బయట పోగొట్టుకున్నట్టే, లాభం చాలావరకు చెల్లుకు చెల్లు. ఉక్కపోతలో చెమట ఎలాగూ కారి వృథా అవుతోంది కాబట్టి అది తగ్గినా పోయేదేమీ లేదు, ఐస్ లాభం అలాగే మిగులుతుంది. అందుకే స్లష్ నా లెక్కలో కోస్తా మందు. గబగబా తాగితే నుదురు జివ్వుమంటుంది, పొట్ట పట్టేస్తుంది; పావుగంట తీసుకుని చెంచాతో తినండి.

మిగతావి, త్వరగా

చేతులు ముంచడం: మోచేతుల దాకా చన్నీళ్ల బకెట్‌లో పెట్టుకుని కూర్చోవడం. ఫైర్ సిబ్బంది వాడే పద్ధతి ఇది. అరచేతుల్లో రక్తాన్ని నేరుగా చర్మం దగ్గరికి తెచ్చే ప్రత్యేకమైన నాళాలు ఉంటాయి కాబట్టి అనుకున్నదాని కంటే బాగా పనిచేస్తుంది. డ్రెస్ మార్చుకునే చోటు లేని ఆడపిల్లల జట్లకి, కబడ్డీలో సబ్‌స్టిట్యూట్ బెంచి మీద ఉన్నవాళ్లకి, షూ విప్పే టైం లేనివాళ్లకి ఇదే సరైనది. పది నిమిషాలైనా ఉంచాలి, ముంచి తీస్తే లాభం లేదు.

మెడ మీద, చంకల్లో ఐస్ ప్యాకులు: హాయిగా ఉంటుంది, ఒళ్లు మాత్రం నత్తనడకన చల్లబడుతుంది, ఎందుకంటే అవి తాకే చర్మం ఎంతని. మెడ చల్లబడితే మెదడు "బాగానే ఉన్నాను" అనుకుంటుంది, అదే దీనిలో ప్రమాదం. చల్లగా అనిపించే పౌడర్లు, మెంథాల్ స్ప్రేలు, పుదీనా రాసిన టిష్యూలదీ ఇదే కథ. అనిపించడం వరకే, ఒంటి వేడి ఒక్క పాయింటు దిగదు. రెండో మ్యాచ్‌కి ముందు హుషారు కోసం అయితే వాడుకోండి, చల్లబడ్డామని మాత్రం అనుకోకండి.

షవర్: నీళ్లు చల్లగా ఉంటే డ్రమ్ము తర్వాత స్థానం దీనిదే. పైన చెప్పిన నల్ల ట్యాంకు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఏసీ కారు: నెమ్మది. ఇంకే దారీ లేకపోతే ఒంటికి నీళ్లు రాసుకుని కూర్చోండి, ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి బాగా అవుతుంది. కోస్తాలో ఏసీకి ఉన్న అసలు ఉపయోగం చల్లదనం కంటే గాలిలో తేమ తీసేయడమే.

ఐస్ జాకెట్: 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌కి ముందు అమెరికన్లు వేసుకున్నారు, మెబ్ కెఫ్లెజిగీకి వెండి, డీనా కాస్టర్‌కి కంచు వచ్చాయి. అది రేసుకి ముందు ఒంటిని చల్లగా ఉంచడానికి. రేసు అయ్యాక, అందులోనూ మన బడ్జెట్‌లో, ఆ డబ్బుతో పది డ్రమ్ములు కొనొచ్చు.

ఎంత గ్యాప్ ఉంది?

రెండో ప్రశ్న ఇదీ. కబడ్డీ హాఫ్ టైం లాగా అయిదు నిమిషాలే ఉంటే డ్రమ్ము మర్చిపోండి. మోచేతులు బకెట్‌లో, తల మీద చెంబుడు నీళ్లు, రెండు మూడు గుక్కల స్లష్, అంతే. కాళ్లు మాత్రం చల్లబరచకండి, చల్లబడ్డ కండ వేగంగా పరిగెత్తదు, గట్టిగా ఎగిరితే పట్టేస్తుంది. పోలీసు ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు 1600 మీటర్లు అయ్యాక ఒళ్లంతా ఐస్ నీళ్లలో తడిపి వెంటనే లాంగ్ జంప్‌కి వెళ్తుంటారు, చూస్తే నాకు భయమేస్తుంది. నడుము పైన చల్లబరచుకుని, కాళ్లని కదిలిస్తూ వెచ్చగా ఉంచుకోవాలి.

గంట నుంచి మూడు గంటల గ్యాప్ అయితే ఇదే డ్రమ్ముకి అసలు సమయం. 20 నుంచి 26 డిగ్రీల నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు, బయటికొచ్చి ఆరబెట్టుకుని నీడలో కూర్చుని తినడం తాగడం, మ్యాచ్‌కి 20 నిమిషాల ముందు మళ్లీ పూర్తి వార్మప్. వార్మప్ మానేస్తే డ్రమ్ము వల్ల వచ్చిన లాభం మొదటి స్ప్రింట్‌లోనే పిక్క పట్టి పోతుంది. వడగాలి ఊళ్లవాళ్లకి డ్రమ్ము దొరక్కపోతే తడి తువ్వాలు, ఫ్యాన్‌తోనే ఈ గ్యాప్‌లో పని అయిపోతుంది.

రేపు మళ్లీ ఆట ఉందంటే కండరాల నొప్పుల కోసం 10 నుంచి 15 డిగ్రీల నీళ్లలో 10, 15 నిమిషాలు అనేది మామూలుగా చెప్పే కొలత. మర్నాటికి నొప్పి కొంచెం తక్కువ అనిపిస్తుంది. ఇక రేపు ఆట లేదు, వారంలో కూడా లేదు, జిమ్‌లో కండ పెంచుకుంటున్నారు అంటే మాత్రం ఐస్ బాత్ మానుకోండి. 2015లో వచ్చిన పరిశోధనలో 12 వారాల పాటు బరువులెత్తి ప్రతిసారీ పది నిమిషాలు చన్నీళ్లలో కూర్చున్నవాళ్లకి కండ తక్కువ పెరిగింది, మెల్లగా సైకిల్ తొక్కి ఆపినవాళ్లతో పోలిస్తే. కండ పెరగాలంటే వర్కౌట్ తర్వాత ఒంట్లో మొదలయ్యే ఆ మరమ్మతు పని జరగాలి, ఐస్‌తో దాని పీక నొక్కినట్టే అవుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ ఐస్ టబ్బులో ఫొటోలు పెట్టే మా ఆఫీసు కుర్రాడికి ఇది చెప్తే అలిగాడు.

తాగేదాని గురించి కొంచెం

ఆటకి ముందు, ఆటయ్యాక తడి బట్టలు విప్పేసి బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. దానికి లీటరున్నర దాకా, వచ్చే రెండు మూడు గంటల్లో, కొంచెం కొంచెంగా. ఒక్కసారి మూడు లీటర్ల మంచినీళ్లు తాగేస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి, అందుకే ఉప్పు ఉండాలి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కంటే చవకైన స్పోర్ట్స్ డ్రింక్ నాకు తెలిసి లేదు. కొబ్బరి నీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే సోడియం తక్కువ, కాబట్టి చిటికెడు ఉప్పు కలుపుకోండి, రుచి పాడవుతుందని తిట్టుకుంటూ అయినా.

ఓఆర్ఎస్ కొంటే లీటరు నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్ కొనండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మే తీపి జ్యూస్ డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడకూడదని చెప్పింది. పాత స్టాకు షాపుల్లో కనిపిస్తే లేబుల్ చదువుకోండి.

మ్యాచ్ అయ్యాక బీరు గురించి అడుగుతారని తెలుసు. చల్లగా ఉంటుంది, నిజమే, నీళ్లని మాత్రం బయటికే పంపుతుంది. గెలిచిన సాయంత్రం మీ ఇష్టం, రెండు మ్యాచ్‌ల మధ్య మాత్రం వద్దు.

నేనైతే ఏం కొంటాను

జట్టంతా కలిసి చందా వేస్తే: ఒక పాత నీలం డ్రమ్ము, లోపల ముందు రసాయనాలు ఏమీ పోయలేదని గట్టిగా కనుక్కుని, సబ్బుతో రెండుసార్లు కడిగి. పశువుల కుడితి తొట్టిలాంటి వెడల్పు సిమెంటు తొట్టి గ్రౌండ్ పక్కన ఉంటే ఇంకా మేలు, కాళ్లు చాపుకోవచ్చు, పడిపోయినవాణ్ణి దించడం కూడా డ్రమ్ములోకంటే తేలిక. తర్వాత ఆరు పల్చటి తువ్వాళ్లు, రెండు బకెట్లు, ఒక టార్పాలిన్, అక్వేరియం థర్మామీటర్. హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు వాళ్లయితే డ్రమ్ము కంటే ముందు పెద్ద ఫ్యాన్ అద్దెకి చూసుకోండి. బందరు, నెల్లూరు, విశాఖ వాళ్లు ఫ్యాన్ డబ్బుతో ఐస్ కొనండి. విజయవాడ వాళ్ల సంగతే కష్టం, మధ్యాహ్నం వడ, సాయంత్రం ఉక్క, రెండూ పెట్టుకోవాల్సిందే.

2019లో దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మహిళల మారథాన్‌ని ఎండ తప్పించడానికి అర్ధరాత్రి మొదలుపెట్టారు, అయినా 68 మంది పరుగు మొదలుపెడితే 28 మంది పూర్తిచేయలేకపోయారు. సూర్యుడు లేడు, ఉక్క ఉంది. మా టోర్నమెంట్ కమిటీకి ఈ సంగతి చెప్పి ఫ్లడ్‌లైట్లు పెట్టినంత మాత్రాన సరిపోదు, డ్రమ్ము కూడా పెట్టండి అంటే, "లైట్లకే డబ్బుల్లేవు" అన్నారు. డ్రమ్ము మాత్రం వచ్చింది, మా బావ ట్రాక్టర్ ట్రక్కులో వేసుకొచ్చాడు.

వాడేవాళ్లు ఒకటి చూసుకోండి, ఆట అయ్యాక నీళ్లున్న డ్రమ్ముని గ్రౌండ్‌లో అలాగే వదిలి వెళ్లకండి, చిన్నపిల్లలు తొంగి చూస్తారు. మేం ఆ నీళ్లని పిచ్ మీద కుమ్మరించి డ్రమ్ము బోర్లిస్తాం. మర్నాడు పొద్దున్న పిచ్ కొంచెం తడిగా ఉండి మా బౌలర్‌కి బంతి కాస్త ఆగి వస్తుంది, అవతలి జట్టువాళ్లకి ఈ సంగతి ఇంకా తెలీదు.